లాభం లేని చేపలు

మిరుగు నాడు పటాన్‌చెరువులో చేపల కూర వాసన రాని ఇల్లంటే మాదే. మృగశిర కార్తె మొదటి రోజున చేప తినాలన్నది ఈ వైపు ఆనవాయితీ. తినని వాళ్ళు ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసుకుని మింగుతారు. మా అత్తమ్మ పొద్దున్నే తలస్నానం చేసి, ఇంటిల్లిపాదికీ తలా ఒక ఉండ నోట్లో పెట్టి, "ఇగ ఏడాదంత రోగం దగ్గరికి రాదు" అనేది. ఆ ఘాటుకు నా కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే, వెనక గదుల్లో కిరాయికుండే వీర్రాజు పెరటి గోడకు ఆనుకుని, బజారు వైపు నుంచి వచ్చే గాలిని కళ్ళు మూసుకుని పీల్చేవాడు. గోదావరి జిల్లా మనిషి. పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టరు. గదులిచ్చేటప్పుడే మా మామయ్య కైలాసం సేటు షరతు పెట్టాడు, ఈ గడప లోపలికి నీసు రావద్దని.

"వాసన పీల్చినా షరతు తప్పినట్టేనాండీ షావుకారుగారూ?" అన్నాడు వీర్రాజు.

"పీల్చు, పీల్చు. గాలికి నేనేం కిరాయి తీస్కుంటలేను గద" అన్నాడు మామయ్య.

మామయ్య చెడ్డవాడని నేను చెప్పను. ధాన్యం, పప్పులు, బెల్లం వ్యాపారం ఆయనది. తూకంలో మోసం చేయడు, ఇంట్లో ఎవరినీ కసిరి కొట్టడు. ఆయనకు ఒకటే ప్రశ్న వచ్చు. ఎవరు ఏం తెచ్చినా, ఏం అడిగినా, "దాంతోని ఏం లాభం?" అంటాడు. పెరట్లో మల్లెతీగ పెడతానంటే పూజకు పూలు కొనే పని తప్పుతుందని చెప్పి పెట్టించుకున్నాను. వారపత్రిక తెప్పించుకుంటానంటే చెప్పడానికి లాభం దొరకలేదు, పత్రిక రాలేదు. పెళ్ళయిన రెండేళ్ళలో నాకు ఒక విద్య పట్టుబడింది. ఏదైనా కావాలనిపిస్తే, ముందు దానికో లాభం వెతికి పెట్టుకుని తర్వాత నోరు తెరవడం. ఆ విద్యను నేను వదిలేసిన వానకాలం కథ ఇది. డెబ్బై నాలుగో సంవత్సరం.

మిరుగు వెళ్ళిన కొన్నాళ్ళకు ఫ్యాక్టరీ క్లబ్బులో ఆడవాళ్ళ పాటల పోటీ పెట్టారు. వీర్రాజు భార్య వెంకటలక్ష్మి నన్ను కూడా రమ్మంది. క్లబ్బు క్యాంటీనుకు పప్పులు ఎవరు వేస్తున్నారో కనుక్కుని వస్తానని మామయ్యకు చెప్పి బయటపడ్డాను. పాటలు నాకు గుర్తు లేవు. హాల్లో ఒక మూల గాజు తొట్టి ఉంది, దానిలో నీళ్ళు, నీళ్ళలో లైటు, పచ్చని మొక్కలు. అరచేయంత ఎర్ర చేపలు బరువుగా తిరుగుతూ మొక్కల్ని పీకి పోగులు పెడుతున్నాయి. అందరూ వాటినే చూస్తున్నారు. నేను పైకి చూశాను. నీటి మీద తేలే ఆకు కింద చిటికెన వేలంత చేప ఒకటి కదలకుండా నిలబడి ఉంది. నెత్తి మీద తెల్లని చుక్క, ముగ్గు పెడుతుంటే పిండి రాలి పడినంత. దాని తోక అంచున సన్నగా నారింజ రంగు.

పక్కనున్న ఆఫీసరు భార్యను అడిగాను. "అదా? కిల్లీ ఫిష్ అట. ఎవరూ తేలేదు, కాలవలోంచి నాచు తెస్తే దాంతో కొట్టుకొచ్చింది. తీసి పారేయాలి" అందావిడ.

ఎర్ర చేపలు వచ్చినప్పుడల్లా అది ఒక్క విదిలింపుతో ఇంకో ఆకు కిందికి పోయి, మళ్ళీ అంతే నిబ్బరంగా నిలబడేది. వెంకటలక్ష్మి వచ్చి భుజం తట్టేవరకు నేను అక్కడే ఉన్నాను. ఇంటికొస్తూ బస్సులో, "నాక్కూడ గసొంటి పెట్టె కావాలె అక్కా" అన్నాను. లాభం వెతక్కుండా నా నోట ఒక కోరిక రావడం నాకే కొత్తగా అనిపించింది.

"ఓస్, అదెంత పని! మా ఆయన చేస్తారు" అంది వెంకటలక్ష్మి. "కానీ చేపలు రుక్మిణమ్మా! మీ ఇంట్లో! మీ మావగారు నన్ను చేపముల్లు కూడా తేనివ్వలేదు."

"మీరు తింటరని తేనియ్యలే. నేను తింటనా?"

వీర్రాజు ఇనుప యాంగిల్ ముక్కలు అతికి చట్రం చేశాడు. దుకాణంలో పగిలిన బీరువా తలుపు అద్దాలు అటక మీద పడి ఉంటే వాటిని కోసి, లప్పం పెట్టి బిగించాడు. మూరెడు పొడుగు, జానెడు వెడల్పు. వంటింటి పక్క వెనక అర్రలో ఖాళీ గోనెసంచులుంటాయి, అక్కడికి నేను తప్ప ఎవరూ రారు. తూర్పు కిటికీ కింద పెట్టాను. వాగు ఇసుక ఏడుసార్లు కడిగి పరిచాను.

చేపలు పట్టే రోజు ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ గుడికి పోతున్నామని ఇంట్లో చెప్పాము. అబద్ధం కాదు, పోయాము, కుంకుమ పెట్టుకున్నాము, తిరుగు బస్సులో ఇస్నాపూర్ దాటక ముందే దిగి వరి మళ్ళ కాలువ దగ్గరికి నడిచాము. పైనుంచి చూస్తే నీళ్ళ మీద తెల్ల చుక్కలే చుక్కలు. వెంకటలక్ష్మి చీర మోకాళ్ళ పైకి దోపి దిగింది. పాత పంచె ముక్కను ఇద్దరం చెరో వైపు పట్టి లేపితే గిన్నె నిండా చేపలు.

"చిన్నప్పుడు మా పంటకాలవలో ఇలాగే పట్టేవాళ్ళం. ఇవి కూరకి రావని మా అమ్మ తిట్టేది" అంది వెంకటలక్ష్మి. "ఇంకా చూస్తారేం, అన్నీ తీసుకుపోదాం."

"వద్దు. చిన్న పెట్టె. మూడు చాలు."

గాజులమ్మే వాడి ముందు కూర్చున్నంత సేపు కూర్చున్నాను. కొన్ని బూడిద రంగులో ఉన్నాయి. కొన్నింటికి రెక్కల అంచున నారింజ రంగు, ఒంటి మీద సన్నని నీలి మెరుపు. అందమైనవి రెండు, బూడిదది ఒకటి ఏరాను. మిగతావి కాలువలో వదిలేశాను. నాచు కొంత, పొడుగాటి నీటిగడ్డి కొంత వేళ్ళతో సహా పీకి తడిగుడ్డలో చుట్టుకొచ్చాము.

రెండు రోజుల్లో తెలిసింది, అందమైనవి రెండూ మగవని. ఒకదాని రెక్కలు ఒకటి పీలికలు చేసుకున్నాయి. "అందం చూసి ఏరితే అంతే" అని వెంకటలక్ష్మి నవ్వింది. ఓడిన దాన్ని చెంబులో పోసి, మళ్ళీ ఆ కాలువకే తీసుకుపోయి వదిలి, ఈసారి బూడిద రంగు ఆడచేపలు రెండు తెచ్చాను. ఒక మగ, మూడు ఆడ. అప్పుడు కుదురుకున్నాయి.

తిండి ఇంకో తంటా. అటుకులు వేస్తే మూతి తిప్పుకున్నాయి. మెతుకు వేస్తే ముట్టలేదు, నీళ్ళు మాత్రం పులిశాయి. అవి కాలువలో ఏం తింటాయో అప్పుడు ఆలోచించాను. పెరట్లో పగిలిన కుండ ఒకటి నీళ్ళతో ఉంది, దాంట్లో దోమ పిల్లలు కొక్కేల్లా వంకరలు తిరుగుతున్నాయి. చెంచాతో తీసి వేశాను. కిందనున్న మగచేప కనపడనంత వేగంగా పైకొచ్చింది. ఆ రోజు నుంచి ఆ కుండను ఎవరూ పారబోయకుండా అడ్డం పలక పెట్టి కాపాడుకున్నాను. ఇంగువ ఉండలు మింగే ఇంట్లో కోడలు దోమల్ని పెంచుతోంది!

పనంతా అయ్యాక మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ, నేను గోనెసంచి మీద కూర్చుని చూసేదాన్ని. ఎండ కిటికీలోంచి వచ్చి గడ్డి మీద పడేది. మగచేప ఆడదాని పక్కన చేరి ఒళ్ళంతా వణికించేది. తర్వాత నాచుకు సూదిమొనంత గుడ్డు ఒకటి అంటుకుని ఉండేది. ఆ గంటసేపు నన్ను ఎవరూ ఏదీ అడిగేవాళ్ళు కాదు. అంత సుఖం నేను అంతకుముందు ఎరగను.

శ్రావణమాసంలో ఒక పొద్దున అత్తమ్మ కేకకు ఇల్లంతా లేచింది. పూజ అర్ర గడప ముందు చేప పడి ఉంది. ఎండి, చీమలు పట్టి. పెట్టెకు మూత పెట్టాలన్న ఆలోచన నాకు రాలేదు. అవి ఎగురుతాయని ఎవరికి తెలుసు? ఎగిరి పడిందాన్ని పిల్లి అక్కడిదాకా ఈడ్చుకొచ్చి ఉంటుంది.

మామయ్య నేరుగా పెరట్లోకి నడిచాడు. వీర్రాజు గడ్డానికి సబ్బు నురగతో బయటికొచ్చాడు.

"నీసు వండొద్దంటి గద వీర్రాజూ! దేవుని గడప కాడికి తెస్తిరి గద! ఇగ గది ఖాళీ చెయ్యుండ్రి."

"మేమా? రెండేళ్ళయిందండీ మేం చేప మొహం చూసి!"

"కావాలంటే మా గిన్నెలు వాసన చూసుకోండి బాబుగారూ" అని వెంకటలక్ష్మి కంచాలు, మూకుళ్ళు తెచ్చి ముందు పడేసింది. నా వైపు మాత్రం చూడలేదు. నా పేరు చెప్పదని నాకు అర్థమైంది. సామాను సర్దుకుని పోతుందేగాని చెప్పదు.

నా చేతిలో చీపురు ఉంది. దాన్ని గోడకు ఆనించాను.

"అది వాళ్ళది కాదు మామయ్యా. నాది. వండనీకి తేలే, పెంచుకుంటున్న."

ఇంటిల్లిపాదీ వెనక అర్రలోకి వచ్చారు. మా ఆయన సోమేశ్వర్ గాజుపెట్టెను, నన్ను, తండ్రిని మార్చి మార్చి చూశాడు. అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, వాసనేం లేకపోయినా. మామయ్య వంగి చూశాడు. ఆయన ఏం అడుగుతాడో నాకు తెలుసు.

"దీంతోని ఏం లాభం?"

రెండేళ్ళ అలవాటు, నాలుక తనంతట తానే తిరిగింది. "దోమ పిల్లల తింటయి మామయ్యా."

మామయ్య "ఊఁ" అన్నాడు. అంతటితో చేపలు ఇంట్లో నిలిచాయి. నిలిచాయని అప్పుడు సంతోషించాను, ఆ జవాబే రేపు నా మెడకు చుట్టుకుంటుందని ఎరగక.

వీర్రాజు మొహం కడుక్కుని వచ్చి, "అయితే షావుకారుగారూ, బతికున్న చేపకి షరతు లేదన్నమాట. మేమూ బతికున్నవే తెచ్చుకుంటాం" అన్నాడు. మామయ్య వినపడనట్టు దుకాణంలోకి పోయాడు.

అత్తమ్మ బెంగ వేరు. చేప చచ్చింది కాబట్టి ఇంటికి మైల వచ్చిందా లేదా? పంతులుగారిని పిలిపించింది. ఆయన చాలాసేపు కణతలు నొక్కుకుని, గోత్రం లేని ప్రాణికి మైల లేదని తేల్చాడు. పంతులుగారు పోయాక అత్తమ్మ వెనక అర్రకొచ్చింది. నేను చెంచాతో మేత వేస్తున్నాను.

"గా పురుగుల బెడ్తున్నవా?"

"అయి గదే తింటయి అత్తమ్మా. అటుకులు ముడ్తలేవు."

అత్తమ్మ నిజంగానే నొచ్చుకుంది. "మన ఇంటికొచ్చినంక మన అలవాటు పట్టాలె గద. నువ్వు చెప్పలేదా?" అంది. కాసేపు నిలబడి, వంటింట్లోకి పోయి పాత పిండి జల్లెడ తెచ్చి పెట్టె మీద బోర్లించింది. "ఇంకొకటి సావొద్దు మా ఇంట్ల" అని వెళ్ళిపోయింది.

ఆ వానలకు పటాన్‌చెరువంతా చలిజ్వరాలు. మలేరియా మనిషి మందు కొట్టడానికి వచ్చి, గోడ మీద సుద్దతో తేదీ వేసి, వెనక అర్రలో పెట్టె చూసి ఆగాడు. "మంచి పని చేసిండ్రు సేట్. ఇయి దోమ పిల్లల్ని ఒక్కటి గూడ ఉంచయి. మీ నీళ్ళ హౌజుల వెయ్యుండ్రి" అన్నాడు.

మామయ్య మొహం వెలిగింది. కోడలి మాటకు సర్కారు ముద్ర పడింది మరి. ఆ రోజు నుంచి దుకాణానికొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు. ఒక మూట బియ్యానికి ఒక చేప ఊరికే ఇస్తే ఎట్లుంటదని కూడా మా ఆయనతో ఆలోచన చేశాడు. నేను వింటూ పప్పు చెరిగాను. నా చేపలు ఆయన లెక్కలోకి పోతున్నాయని అర్థమై నాకు కడుపు మండింది.

దసరా ముందు మామయ్య హైదరాబాద్ పోయి, చేతిలో నీళ్ళ కవరు పట్టుకుని వచ్చాడు. కవరులో రెండు ఎర్ర చేపలు. క్లబ్బులో మొక్కల్ని పీకినవి, ఆ జాతే.

"కోడలా! ఇగో సూడు. బేగంబజార్ల మన సేటు గల్లా పక్కకు గిట్లనే పెట్టిండు. లక్ష్మి అట. నీ మూడిటిని హౌజుల పొయ్యి. గాజుపెట్టె దుకాణంల పెడ్దం, దసరా పూజకు మంచిగుంటది. సోమేశా, ఒక దిక్కు పట్టు."

మా ఆయన వచ్చి చట్రం మీద చేతులేశాడు. నేను నా అరచేయి జల్లెడ మీద పెట్టాను.

"హౌజుల పొయ్య మామయ్యా."

"ఎందుకు పొయ్యవు?"

"అయి హౌజు కొరకు తెచ్చినయి కావు."

"దోమల కొరకేనంటివి గద! నీ నోటితోనే చెప్తివి."

"చెప్పిన. మీరు లాభమేందంటిరి, నోటికొచ్చిన లాభం చెప్పిన. దోమల తింటయి, అబద్ధం కాదు. గాని నేను దానికోసం తేలే. చూస్తందుకు తెచ్చిన."

"చూస్తే ఏమొస్తది?"

"ఏం రాదు."

మామయ్య నావైపు, అర్థం కాని భాష విన్నట్టు చూశాడు. "ఏం రాని దానికి ఇంత జాగా, ఇంత పని ఎందుకు మరి?"

"నాకు కావాలె."

చెప్పాక నా చెవులు వేడెక్కాయి. ఆ రెండు మాటలు ఆ ఇంట్లో నేను అంతకుముందు ఎన్నడూ పక్కపక్కన పెట్టలేదు. వెనక తలుపు దగ్గర వెంకటలక్ష్మి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"మీ నాయినను పిలిపిస్త" అన్నాడు మామయ్య.

"పిలిపించుండ్రి. ఆయనకు గూడ చూపిస్త. ఈ ఇంట్ల గడప నుంచి గల్లా దాక అన్నీ మీయే మామయ్యా. నేను కాదంటలేను. ఈ మూడు చేపలు మాత్రం నాయి. లాభం లేకున్నా నాయే."

"సోమేశా, లేపు!"

మా ఆయన తండ్రి మాట ఎన్నడూ దాటి ఎరగడు. ఆయన నా చేతిని చూశాడు. తర్వాత నీళ్ళలోకి చూశాడు. మెల్లగా చట్రం మీది నుంచి చేతులు తీసి పంచెకు తుడుచుకున్నాడు.

"నీళ్ళున్నయి నాన్నా. లేపితే అద్దం పగుల్తది" అన్నాడు.

నీళ్ళు తోడితే తేలికవుతుందని తెలియనివాళ్ళెవరూ ఆ గదిలో లేరు. మామయ్యకూ తెలుసు. కొడుకును చూస్తూ నిలబడ్డాడు. కవరులో ఎర్ర చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి.

"ముందుగాల వాటికి నీళ్ళు జూడుండ్రి. పండుగ పూట పాపం తగుల్తది" అని అత్తమ్మ మామయ్య చేతిలోంచి కవరు లాక్కుంది. పెరట్లోకి నడిచి, ఎవరినీ అడగకుండా హౌజులో పోసింది.

ఆ ఎర్ర చేపలు హౌజులో దోమ పిల్లల్నీ తిన్నాయి, అత్తమ్మ వేసిన అటుకుల్నీ తిన్నాయి. "సూసినవా, చెప్తే ఇన్నయి" అని అత్తమ్మ నాకు వినపడేటట్టు అనేది. లాభం కావలసిన చోట లాభం దొరికింది. దసరాకు గల్లా పక్కన మామిడాకులే పెట్టారు.

మామయ్య మాత్రం నాతో మాటలు మానేశాడు. మంచినీళ్ళు కావాలన్నా గోడకు చెప్పేవాడు. మా నాయినకు కబురు పంపుతాడని రోజూ ఎదురుచూశాను. భయం లేదంటే అబద్ధం. తలుపు చప్పుడైతే చేతిలో పని వదిలి వాకిట్లోకి తొంగి చూసేదాన్ని. అయినా మధ్యాహ్నం పని కాగానే పోయి గోనెసంచి మీద కూర్చునేదాన్ని, ఇప్పుడు అర్ర తలుపు బార్లా తెరిచి పెట్టి మరీ. కనపడాలనే తెరిచాను. కబురు పోలేదు.

దీపావళి దాటాక బేగంబజారు సేటు సరుకు చూడడానికి మా ఇంటికొచ్చాడు. మామయ్య ఆయన్ని వెనక అర్రకు తీసుకొచ్చి కొత్తగా అక్కడ దించిన శనగల మూటలు విప్పి చూపిస్తున్నాడు. నేను పక్కన వంటింట్లో చాయ్ కాస్తున్నాను. మధ్యలో గోడ ఒక్కటే.

"అరే కైలాసం, యే క్యా హై?" అని సేటు గొంతు. "ఇంత చిన్న చేపలా? నేను ఎర్ర చేపలు ఇప్పిస్తి గద, అయి ఏడున్నయి? వీటితోని ఫాయిదా ఏంది?"

చాయ్ పొంగుకొచ్చింది. దించలేదు. మామయ్య దోమల సంగతి చెబుతాడనుకున్నాను. సర్కారు మనిషి మెచ్చుకున్నాడని చెప్పడం ఆయనకు ఎంత ఇష్టమో నాకు తెలుసు.

"ఫాయిదా ఏం లేదు సేట్" అన్నాడు మామయ్య. "అయి మా కోడలియి."

గొంతులో విసుగే ఉంది. మెచ్చుకోలు వీసమంత కూడా లేదు. నేను మెచ్చుకోమని అడగలేదు కదా! పొయ్యి మీద పారిన చాయ్ తుడిచి, మిగిలినది రెండు గ్లాసుల్లో పోసి, తల ఎత్తుకుని ఆ అర్రలోకి తీసుకుపోయాను.